గుడారం బయట అలికిడి

నాన్నా,

అలాస్కా దారిలో మోంటానా చేరాను. నువ్వు బలవంతాన నా సంచిలో పెట్టిన పిస్తోలు నిన్న పొద్దున బయటికి తీయాల్సి వచ్చింది. గుడారం బయట ఎవరో నా మోటార్‌సైకిల్ కదుపుతున్న అలికిడైంది. గుడారం జిప్పు లాగి గురిపెట్టాను.

పక్క గుడారంలో దిగిన వెర్నా అనే పెద్దావిడ, బురదలో ఒరిగిపోయిన నా బండిని నిలబెట్టబోతోంది. "అది అవతల పడేసి ఇటొచ్చి పట్టవే తల్లీ, నా నడుం విరిగిపోతోంది!" అని అరిచింది.

నా వేలు ట్రిగ్గర్ మీదే ఉంది నాన్నా.

దారిలో దాటాల్సిన కెనడాలోకి పిస్తోలు ఎలాగూ రానివ్వరు. సరిహద్దుకు ఇవతలే నీ స్నేహితుడు డ్వేన్ గారికి అప్పగించాను. కోప్పడకు. వెర్నా కూడా తన బండి మీద అలాస్కాకే వెళ్తోందట, ఇద్దరం కలిసే బయల్దేరుతున్నాం. ఆవిడ గురక వింటే ఎలుగుబంటి కూడా మా దరిదాపులకు రాదు.

నీ చిట్టితల్లి