నా వేషం

ఆదివారం రాత్రి, అల్ హైల్, గల్ఫ్

చెవిటివాళ్లకూ పని ఇస్తున్నామని చూపించడానికి కంపెనీ ఇవాళ మా వర్క్‌షాపులో వీడియో తీసింది. ఇక్కడ చెవిటివాణ్ని నేనొక్కణ్నే. కానీ నా వేషం నా రూమ్మేట్ సాయిలుతో వేయించారు. వాడికి చెవులు బాగానే వినిపిస్తాయి. నా చొక్కానే తొడిగారు. వాడు నవ్వుతూ చేతులు ఊరికే గాల్లో తిప్పాడు. ఒక్క సైగకూ అర్థం లేదు. అందరూ మెచ్చుకున్నారు.

అమెరికాలో చెవిటివాళ్లు ఇలాంటి వేషాల మీద ఏళ్లుగా కొట్లాడుతున్నారని ఫోన్‌లో చూశాను. వాళ్లకు వాళ్లున్నారు. నేనెవరిని కూడగట్టుకోను?

నన్నెందుకు తీయలేదని రాసి అడిగితే, కరీంనగర్ నుంచి వచ్చిన మా సూపర్‌వైజర్ ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు: "నువ్వు చెవిటోని లెక్క కనవడవురా."

సాయిలు చొక్కా విప్పి, నా మంచం మీద పెట్టి, తల దించుకుని వెళ్లాడు. రేపు డ్యూటీకి అదే వేసుకోవాలి.