ఏనుగు పైసాకు బొక్క

బుధవారం

ఏనుగు బొమ్మున్న నా పాత పైసాకు మా మోటారు రిపేరు షాపు ఓనరు బొక్క పెట్టించాడు. "మా మామకు చూపించి రేపు ఇస్తాలే" అని సోమవారం తీసుకుపోయాడు. ఈరోజు మనవణ్ణి షాపుకు ఎత్తుకొస్తే, ఆ రాగి బిళ్ల వాడి మొలతాడుకు వేలాడుతోంది. చింతపండుతో తోమి తళతళలాడించారు కూడా.

నా నాణేల డబ్బాలో అన్నిటికంటే పాతది అదే. కణేకల్ దగ్గర బోరు మోటారు పైకి లాగుతుంటే మట్టిలో దొరికింది. దాని వెనకున్న పారసీ అక్షరాలు చదవడానికి ఆర్నెల్లు ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ అక్షరాల నడుమ దారం.

"ఏమన్నా, నన్నడక్కుండా బొక్కేయించినావు?" అన్నాను.

"రాగి బిళ్ల దిష్టికి మంచిదప్పా. నీ డబ్బాలో పడుండి ఏం చేస్తాది? ఇదో, కొత్త పది రూపాయల బిళ్ల. దీని మీద నువ్వే ఏనుగు గీసుకో పో!"

అందరూ నవ్వారు. నాతోపాటే షాపులో పనిచేసే వెంకటేశు, ఆ బొక్క వేసినోడు, ఇంకా గట్టిగా నవ్వాడు.

నిన్న పొద్దున డ్రిల్లు మిషను కింద రాగి పొడి కనిపిస్తే, వైండింగ్ తీగ తుక్కనుకుని ఊడ్చి కాలవలో పోసింది నేనే.

పిల్లోడి తప్పేమీ లేదు. అయినా వాడు ఆ బిళ్ల మీదే ఉచ్చ పోస్తే అందరూ ముచ్చటపడుతుంటే, వాడి మీద కూడా నాకు కోపమే వచ్చింది...

రేపు షట్టరు తీయగానే అందరి ముందే అడుగుతాను. "అన్నా, నాకు దుడ్లొద్దు, వేరే బిళ్లొద్దు. ఆ బొక్కబడిందే కావాల. ఇస్తావో ఇయ్యవో శనివారం షాపు మూసేలోపల చెప్పు. ఇయ్యకుంటే ఆదివారం మీ ఇంటికొచ్చి, పిల్లోడు ఎంత ఏడ్చినా సరే, మొలతాడు తెంపుకొని పోతా."