పొద్దుగూకే యాళ గాలి

చిరంజీవి రవళికి,

మీ నాయిన దీవించి రాసేది. కర్దనూర్ల అందరం మంచిగనే ఉన్నం, చెన్నైల నువ్వు గూడ మంచిగున్నవనుకుంట. మీ అమ్మకు మోకాలి నొప్పి జెర తగ్గింది. నాకు కోపం తగ్గలే. ఫోన్ల నేను ఒర్రుతనని, ఉత్తరమైతే సల్లగ మాట్లాడుతనని నువ్వన్నవు. సూద్దాం.

నీ మొదటి ప్రశ్న: "సోలారన్నా గాలిమరలన్నా నీకెందుకంత మంట నాయినా?" నాకు సైన్సు మీద మంట లేదు బిడ్డా. రెండు మొకాల ఎండ పట్టే పలకలు వచ్చినయని, ఆకు కదిలే గాలికే తిరిగే తేలిక రెక్కలు మీరు తయారుచేస్తున్నరని నువ్వు రాస్తే, ఆ కాయితం కంపెనీ గేటు కాడికి తీస్కపోయి చాయ్ తాగుకుంట అందరికీ సదివి వినిపించిన. కానీ కంపెనీల మురికినీళ్లకు మన వాగు నురగ కక్కిన్నాడు గూడ ప్రగతి అనే అన్నరు గద. నురగ మన దిక్కొచ్చింది, ప్రగతి ఎటు పోయిందో తెల్వది. రేపు ఎండకూ గాలికీ గట్లనే కంచె కొట్టి, కంచెవతల గుడిసెల దీపం లేకపోతే, అది శుభ్రమైన కరెంటని నేనొప్ప. ఇదివరకు గూడ రాసిన. నువ్వు జవాబియ్యలే.

ఇగ కల్లం ముచ్చట మళ్ల రాయమన్నవు. ఈ నడుమ నాకు ఆ రోజులే యాదికొస్తున్నయి. జొన్న కంకులు తొక్కిచ్చినంక మా బాపు కిష్టప్ప కుప్ప పక్కన బీడీ ముట్టిచ్చుకొని పడమర దిక్కు సూసుకుంట కూసునేటోడు. కల్లంలకు ఎవరన్న చెప్పులతోని వస్తే మీ నాయినమ్మ ఒంటికాలి మీద లేసేది. గాలి లేసిందంటే ఆమె ఎత్తుపీట ఎక్కి చేట వొంచేది. గింజ కాళ్లకాడ పడేది, పొట్టు ఎగిరి నా మెడల సొచ్చేది. రాత్రంత దురద. ఆ దురద గూడ ఇప్పుడు తియ్యగనే ఉన్నది. నడుమల గాలి పడిపోతే ఆడోళ్లు తలా ఒక చేట అందుకొని ఇసిరేటోళ్లు. "గాలి అలిగింది, జెర మనమే సాయం పట్టాలె" అనేది మీ నాయినమ్మ. చిన్నప్పటి సంది ఈ ముచ్చట్లు వినే నువ్వు, పరిశోధన అనంగనే గాలి కొలిసే కంబం తెచ్చి మన కల్లంల పాతించినవు.

ఆఖరు ప్రశ్నకు జవాబు రాయబుద్ధి అయితలేదు. కంబానికి మీదొకటి, కింద మనిషెత్తున ఒకటి గిన్నెల చక్రాలున్నయి గద. "మీదిది నిలవడే ఉంటది, పొద్దుగూకే యాళ కిందిదొక్కటే గిర్రున తిరుగుతది. ఇదేదో కొత్త సంగతని మా సారు పేపర్ల రాద్దామంటున్నడు. కంబం వంగిందేమో సూడు" అన్నవు.

కంబం వంగలే బిడ్డా.

ఒకనాడు డ్యూటీ దిగి చెలక దిక్కు పోయిన. మీ నాయినమ్మ ఎత్తుపీట మీద నిలవడి, ఆ గిన్నెలకు చేటతోని ఇసురుతున్నది.

"ఏందే అమ్మా గిది?"

"గాలి పడిపోయింది గదరా. ఇసురుతున్న."

"అది జొన్న కుప్ప గాదే, మిషిను."

"మిషినైతేంది, కల్లంలనే ఉన్నది గద. పొల్ల దీని మీదనే సదువుతుందంటివి. ఇది ఊకె నిలవడితే దానికి మార్కులు ఎవడేస్తడు?"

నవ్వొచ్చింది. దిగమన్న, దిగలే. ఇసురుకుంటనే అన్నది: "గాలి లేదని తెలిస్తే కంబం పీక్కపోతరు. కంబం పోయినంక పొల్ల ఈడికెందుకొస్తదిరా?"

యూనియన్ మీటింగులల్ల ఎవని నోరైనా మూయించేటోణ్ని, ఆడ్నే కింద కూసున్న. ఆమె పడతదేమోనని పీట గట్టిగ పట్టుకున్న. ఆనాటి సంది రోజూ పట్టుకుంటనే ఉన్న.

మన కల్లంల గాలి లేదు బిడ్డా. పడమటి చెలకలల్ల గోదాములు లేసినయి. తాటిచెట్టంత రేకుల గోడ. గాలి దాని మీదికెళ్లి పోతది, మన దిక్కు దిగది. కంబం పాతేనాడే నాకు తెలుసు. నేను చెప్పిన గాలి నీ చెయ్యికి తగలాలని ఆశపడి ఊకున్న.

ఆ పొద్దుగూకే లెక్కలన్నీ కొట్టెయ్యి. మీ సారుకు నా పేరు చెప్పు, నాయినమ్మ పేరు తియ్యకు. కానీ ఒక్క మాట మీద నీతోని కొట్లాడుత. మన ఊరిని "గాలి తక్కువున్న జాగ" అని రాసుకున్నరట మీరు. అట్ల రాయకు. గాలి ఉండె, గోడ కట్టి ఆపిండ్రు అని రాయి. నీ రెక్కలు తిరగాలంటే కొల్లూరుల సర్కారు పేదోళ్లకు కట్టిచ్చిన డబుల్ బెడ్రూం ఇండ్ల మిద్దెల మీద గాలి దండిగున్నది. కరెంటు పోయి లిఫ్టు ఆగితే కింద మెట్ల మీదనే కూలబడే ముసలోళ్లు గూడ ఆడనే ఉన్నరు. మొదటి కరెంటు ఆళ్లకియ్యి.

కంబం పీకనీకి మనుషుల్ని తోలకు, నువ్వే రా. పొల్ల గాలి కోసం గాదు, నీ కోసం వస్తదని నాయినమ్మకు ఎన్ని తీర్ల చెప్పినా నమ్ముతలేదు. "కరపత్రాల మాటలు నాకు చెప్పకు" అంటున్నది. ఇప్పుడు గూడ చేట పట్టుకొని చెలక దిక్కే పోతున్నది.

ఇట్లు,
నీతోని వాదం ఒడవని మీ నాయిన
ప్రభాకర్