అక్క ఇచ్చిన గ్రంథి

ధర్మవరం, 1938 జూన్, శుక్రవారం

ఈ రోజు నా ఆసుపత్రికి వచ్చిన నాగమ్మ మీద అరిచాను. కాదు, వాళ్ల అక్క మీద అరిచాను. తప్పు వాళ్లిద్దరిదీ కాదు.

బెంగళూరులో నాగమ్మ మెడలో పెరిగిన థైరాయిడ్ గడ్డను కోసినప్పుడు, దాని వెనక గింజల్లా అంటుకుని ఉండే చిన్న గ్రంథులను కూడా పొరపాటున తీసి బకెట్లో పారేశారు. అవి లేకపోతే రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. మగ్గం నేసే మనిషికి ఇంకేం మిగిలింది! కిందటి నెల వాళ్లక్కకూ అదే ఆపరేషన్ జరిగితే, ఆమె గ్రంథి ఒకటి తీసి నాగమ్మ చేతి కండలో పెట్టారు. అక్కడి డాక్టర్లను పట్టుబట్టి ఒప్పించింది నేనే. మూడు వారాలు నాగమ్మ హాయిగా నేసింది.

పొద్దున వాళ్లక్క భుజానికి ఆనుకుని నాగమ్మ వచ్చింది. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. గ్రంథి పెట్టిన చోట వాచి గట్టిపడింది. కాల్షియం సూది వేశాక వేళ్లు విడివడ్డాయి.

"మా యక్కదీ నాదీ ఒగే రగతం గదా సామీ, ఎందుకు నిలబల్లేదు?" అంది.

తోబుట్టువుదైనా పరాయి గ్రంథిని ఒళ్లు ఒప్పుకోదని పుస్తకంలో ఉంది. ఎందుకో మాత్రం ఎవడూ రాయడు! ఆ రోజు పారేసిన నాగమ్మ సొంత గ్రంథినే చేతిలో పెట్టి ఉంటే అది నిలిచేదేమో. ఇక నాగమ్మకు బతికినన్నాళ్లూ సూదిమందే.

"ఇంగోటి తీసి పెట్టు సామీ, నాకింకా ఉండాయి గదా," అంది అక్క.

"నీ చేతులు కూడా పోగొట్టుకుంటావా?" అని కేకలేశాను.

ఆమె బెదరలేదు. కొంగు తొలగించి, ఆపరేషన్ గాయం ఇంకా మానని మెడ నా ముందుకు చాపింది.