ఖాళీగా ఉంచాల్సిన గడి

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి అలవాటుపడిపోయింది. నిజానికి ఈ ఇంట్లో క్షేమంగా ఉన్నది గోడగడియారం ఒక్కటే. నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరుసగా చెబుతాను. నా మోకాలు పరవాలేదు. మరదలు అడిగిన ఊలు నమూనా ఈ కవరులోనే పెట్టాను. ఇక మీ బావ సంగతి. ఆసుపత్రివాళ్లు ఆయన్ని పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ సోమవారం. నీమీద కోపంగా ఉన్నారా అని అడిగావు. లేదు. ఉన్న కోపమంతా తనమీదే.

జరిగింది నీకు తెలుసు, అయినా రాస్తాను. నాలుగు నెలల కిందట ఆయన జ్వరంతో పడుకున్న వారం, ఆయన చూసుకునే రోగుల రికార్డుల సర్వర్‌లో మెమరీ సర్దే పని, అప్పట్లో అక్కడే ఉద్యోగంలో ఉన్న నువ్వు ఆయన బదులు చేశావు. మొత్తం రెండొందల యాభై ఆరు జీబీలో నూట అరవై డేటాబేస్ కోసం విడిగా కేటాయించావు. అంత మెమరీని పట్టి ఉంచుకోవడానికి దానికిచ్చే పరిమితి కూడా పెంచాలి. పెంచలేదు. పాత అరవై ఆరే ఉండిపోయింది. చుట్టం కోసం పెద్దగదికి తాళం వేసి ఉంచి, ఆ చుట్టానికే తాళంచెవి ఇవ్వకపోవడం అన్నమాట. ఇలాంటి మార్పు సర్వర్ మళ్లీ మొదలైనప్పుడే అమల్లోకి వస్తుంది. పోయిన నెల మీ బావ సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టేసరికి, కేటాయించినదంతా ఖాళీగా పడి ఉంది, డేటాబేస్ మిగిలిన కాస్తలో ఇరుక్కుని చతికిలబడింది. ఆరు గంటలు. ఎవరికి ఏ మందు పడదో చూసుకోవడానికి డాక్టర్లకు దారి లేకపోయింది. ఇన్నేళ్ల అనుభవం ఉండి పరిమితి చూసుకోలేదా అని పెద్ద డాక్టరు అందరి ముందూ అడిగారట. ఈయన తల దించుకున్నారట.

"పాపం బావ, వయసు మీదపడింది" అని రాశావు నువ్వు. ఆ ముక్క మూడుసార్లు చదివాను.

ఇప్పుడు నా సంగతి. సర్వర్ పడిపోతే అందులోని వివరాలు చూడలేం కాబట్టి, ఏ మార్పు చేసినా ఇంటికి ఫోన్ చేసి చెప్పడం, నేను పుస్తకంలో రాయడం మీ బావ పెట్టిన పద్ధతి. మొదటి గడిలో కేటాయింపు, రెండో గడిలో పరిమితి. రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే కాస్త ఎక్కువ. ఆరోజు నువ్వు మొదటిది చెప్పావు. రెండోది అడిగితే, "తర్వాత చేసి చెప్తాలే అక్కా, నువ్వు కూడా బావలా చంపకు" అన్నావు. రెండు రోజులు చూశాను. నువ్వు బదిలీ హడావుడిలో ఉన్నావు. గడి ఖాళీగా కనబడితే ఆయన నిన్ను తిడతారని, నూట అరవై రెండు అని నేనే రాసేశాను. నువ్వు చేసే ఉంటావనుకున్నాను. ఆయన లేచి పుస్తకం చూసి, "మీ తమ్ముడు పని నేర్చాడే" అన్నారు. సర్వర్‌లో చూడలేదు. నా రాత ఉండగా మళ్లీ చూడడమెందుకు? పుస్తకంలో ఉన్నది సర్వర్‌లో లేదంటే తన చెయ్యే ఏదో చెరిపి ఉంటుందని నెల రోజులుగా కుమిలిపోతున్నారు.

నిన్న ఆయనకు చెప్పేశాను. ఆ అంకె కొట్టేసి, పక్కన "తమ్ముడు చెప్పలేదు, నేనే రాశాను" అని రాసి సంతకం పెట్టాను. సోమవారం ఆ పుస్తకం విచారణకు వెళ్తుంది. ఈలోపే నువ్వు నోరు విప్పితే నీకే మర్యాద.

ఈ ఉదయం ఆయన, బీపీ మాత్ర వేసుకున్నానా అని అడిగారు. వేసుకున్నారు, రాసి ఉంది అన్నాను. లేచి వెళ్లి, మాత్రల అట్ట తీసి, ఖాళీ గూళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నారు.

ఇట్లు,
ఇకమీద నీ బదులు ఏదీ రాయని
అక్క