కాంటెస్సాకూ ఒక దండ

ఆయుధపూజ రాత్రి

ఈరోజు చిన్నాయన ఘోరమైన అన్యాయం చేశాడు. చప్పుడే చేయని కొత్త ఎలక్ట్రిక్ కారుకు చామంతి దండ వేసి, ఇన్నేళ్లూ గర్జిస్తూ మమ్మల్ని మోసిన పాత పెట్రోలు కారు కాంటెస్సాను పూజ లేకుండా షెడ్డులోనే వదిలేశాడు. రేపు తుక్కు వ్యాపారి తీసుకుపోతాడట! నేను ఊరుకోలేదు. మిగిలిన దండ దాని బానెట్‌కు కట్టి, కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచాను.

"పూజలు మూఢనమ్మకమని కరపత్రాలు పంచుతాంటివే, ఏందప్పా ఇది?" అన్నాడు చిన్నాయన.

"పూజ చేసిన బండిని తుక్కుకిస్తావా?"

"ఇస్తే మీ పిన్ని నాకు అన్నం పెడతాదా!" అని పడీపడీ నవ్వి, తాళాలు నా చేతిలో పెట్టాడు.

పెట్రోలు పొగ వద్దంటూ నేనే రాసిన ఇంకో కరపత్రానికి ఏం జవాబు చెప్పుకోవాలో ఇంకా తెలియదు... కాంటెస్సా బ్యాటరీ చచ్చింది కాబట్టి స్నేహితులందరికీ కబురు పెట్టాను: పొద్దున ఆరింటికి సత్యనారాయణపేటలో మా షెడ్డు ముందుకు రండి, తోయాలి.