మూడో నంబరు ట్యాంకు దగ్గరి బోర్డు తీయించుట గురించి

కర్మాగారాల భద్రతా తనిఖీ అధికారి గారికి,

పళ్లరసం కర్మాగారంలో ట్యాంకులు కడిగే విభాగమున పంతొమ్మిదేళ్లుగా పనిచేయుచున్న కార్మికుడు వ్రాయించుకొను మనవి.

అయ్యా,

విషయం: మూడో నంబరు స్టీలు ట్యాంకు పక్కన తగిలించిన హెచ్చరిక బోర్డును తొలగించుట, విచారణలో నేనిచ్చిన వాంగ్మూలమును రద్దుపరచుట గురించి.

1. సదరు బోర్డుపై "తోటివారికి చెప్పకుండా ట్యాంకులో దిగిన కార్మికుడు ప్రాణం కోల్పోయాడు. నిర్లక్ష్యం వద్దు" అని వ్రాసియున్నది. సదరు కార్మికుడు నా సొంత అన్న. పేరు వేయలేదు, నిజమే. కానీ ఇక్కడ ట్యాంకులో పోయినవాడు ఒక్కడే కనుక పేరు వేసినా వేయకపోయినా ఒకటే.

2. సదరు అన్న నిర్లక్ష్యపరుడు కాడని తెలియజేసుకొనుచున్నాను. రసం ఖాళీ అయిన వెంటనే చన్నీళ్లు, ఆపైన వేడి కాస్టిక్ సోడా నీళ్లు, మళ్లీ మంచినీళ్లు. ఈ వరుస ఆయన ఏనాడూ తప్పలేదు. దిగే ముందు బెల్టూ ఉంగరమూ తీసి నా చేతిలో పెట్టేవాడు, స్టీలుకు గీత పడుతుందని. ఒకసారి కొత్తగా చేరిన మనిషి ఇనుప పీచు తెస్తే, "ఇది మీ ఇంట్లో మాడిన గిన్నెకి వాడుకోవయ్యా. దీంతో రుద్దితే ఇనుప రజను అంటుకుని నెల తిరక్కుండా తుప్పు పడుతుంది" అని లాక్కుని అవతల పారేశాడు. ఆయన కడిగిన ట్యాంకులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అందుకే అందరూ అద్దం మేస్త్రి అనేవారు. ఆ బోర్డు రాసిన పెయింటరూ అలాగే పిలిచేవాడు.

3. పని పద్ధతి యేమనగా, యంత్రం చిమ్మే నీళ్లు అందని చోటు ఒకటుంది, రసాన్ని కలిపే రెక్కల కింద ఉన్న అతుకు. అక్కడ మనిషే దిగి మెత్తటి బ్రష్షుతో తోమాలి. పైనున్న మూత కంతలో నా భుజాలు పట్టవు. అందుచేత ఆయన లోపల, నేను కింద పంపు దగ్గర. ఒకరికొకరం కనపడం. నేను కొయ్య సుత్తితో గోడ మీద మూడు కొడితే ఆయన లోపలినుంచి రెండు కొట్టాలి. మూడంటే "ఎలా ఉన్నావ్", రెండంటే "ఉన్నానురా". ఈ పద్ధతి తమ నిబంధనల పుస్తకంలో లేదు, అన్నదమ్ములం మేం పెట్టుకున్నది. ఇంట్లో గొడవపడి మాటలు మానేసిన రోజుల్లో కూడా ట్యాంకు గోడ మీద మాత్రం పలికేవాడు.

4. సంఘటన జరిగిన రోజు పొద్దున పది గంటలకు రసం లోడు లారీ గేటు దగ్గర ఆగియున్నది. ట్యాంకు పూర్తిగా చల్లారాకే దిగడం మా అలవాటు. సూపర్‌వైజరు గారు "మీరు చల్లారేదాకా కూర్చుంటే అవతల సరుకు పులిసిపోతుంది, దిగండయ్యా" అన్నారు. లోపలి గాలి చూసే మీటరు అప్పటికే మూడు నెలలుగా పాడైయున్నది. బాగుచేయించమని మా అన్నే రెండుసార్లు అడిగాడు. అన్న నా వైపు చూసి "సుత్తి దగ్గర పెట్టుకోరా" అని చెప్పి మరీ దిగాడు. కనుక చెప్పకుండా దిగాడన్నది అబద్ధం. ఆ అబద్ధం నాది.

రసం చెడకుండా నింపే నైట్రోజన్ తాలూకు వాల్వు సరిగా మూసుకోక, అది లోపలికి చేరి పీల్చే గాలి లేకుండా చేసిందని తర్వాత తెలిసింది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు. మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడట.

5. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఈ అర్జీ రాస్తున్నది మా అన్న కూతురు. అక్కడే రసం పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. రోజుకు నాలుగుసార్లు సీసాలు పట్టుకుని ఆ బోర్డు ముందునుంచే పోవాలి. మొన్న నన్ను "బాబాయ్, నాన్న నీకు చెప్పకుండానే దిగాడా?" అని అడిగింది. దాని ముఖం చూసి చెప్పే ధైర్యం లేక, తమరికి చెబుతున్నట్టుగా ఇప్పుడు దానికి చెబుతున్నాను. రాయి తల్లీ, ఆపకు.

ఆయన దిగిన ఐదు నిమిషాలకు మూడు కొట్టాను. లోపలినుంచి రెండు వినపడ్డాయి. కాసేపాగి మళ్లీ కొట్టాను. కాస్త ఆలస్యంగా రెండు వినపడ్డాయి. మూడోసారి ఒక్కటే. ఊరికే పిలుస్తున్నానని విసుక్కుంటున్నాడు కాబోలు అనుకుని నవ్వుకున్నాను కూడా. తీరిగ్గా పైపు చుట్టి పెట్టాను. నాలుగోసారి ఏమీ వినపడకపోతే అప్పుడు నిచ్చెన ఎక్కి చూశాను. బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది. దిగిన రెండు మూడు నిమిషాల్లోనే ప్రాణం పోయిందని డాక్టరు గారు అన్నారు.

మరి నాకు పలికిందెవరని వారం రోజులు తిండి సహించలేదు. మళ్లీ పనిలోకి వచ్చిన మొదటిరోజు ఆ ట్యాంకునే వేడినీళ్లతో కడిగి పక్కన కూర్చున్నాను. చల్లారుతూ స్టీలు ముడుచుకుంటుంటే టక్కుమంది. కాసేపటికి మళ్లీ రెండుసార్లు టక్కు టక్కుమంది. లోపల ఎవరూ లేరు. ఎప్పుడూ చల్లారిన ట్యాంకు దగ్గర నిలబడ్డవాడినే గానీ, వేడి ట్యాంకు ఇలా చప్పుడు చేస్తుందని నాకు తెలియదయ్యా. మొదటిసారే పైకెక్కి చూసుంటే ఏమయ్యేదో, ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

విచారణ రోజున సూపర్‌వైజరు గారు "చెప్పకుండా దిగాడను, నీ మీదికి రాదు" అన్నారు. కాగితం చదివి వినిపించారు. విన్నాను. భయపడి సంతకం పెట్టాను. మా అన్న ఇక కాదని చెప్పలేడు కదా.

6. కావున తమరు దయతో సదరు బోర్డును దింపించి, నా వాంగ్మూలమును రద్దుపరచి, గాలి మీటరు బాగుచేయించవలెనని ప్రార్థన. బోర్డంటూ ఉండి తీరాలంటే, బయట ఉన్నవాడు స్టీలు చప్పుడును మనిషి చప్పుడనుకున్నాడని రాయించండి. ఏ శిక్ష వేసినా నాకు సమ్మతమే. రేపటినుంచి మా అన్న కూతురు తల దించుకోకుండా ల్యాబుకు పోతే చాలు.

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆనాడు బయట నిలబడినవాడు
(సంతకం)

తా.క. అయ్యా, ఇది రాసిన అమ్మాయిని. ఐదో అంశం చివర బాబాయ్ ఇంకో మాట చెప్పారు, "మా అన్నని చంపింది నేనే అని రాయి తల్లీ" అని. అది నేను రాయలేదు. సంతకం పెట్టే ముందు అంతా చదివి వినిపించమన్నారు. ఆ మాట కూడా ఉన్నట్టే చదివాను. తమరు పిలిచినప్పుడు ఆయన ఆ సంగతి ఎత్తితే, లేదని మాత్రం అనకండి. చదివాం గానీ ఒప్పుకోలేదని చెప్పండి. నేను చెబితే వినడం లేదు. తమరు చెబితే వింటారేమో.